అంగడి ఆన్‌లైన్‌లో, ఆవర్జా అటకపై

న్యూఢిల్లీ: వస్తు సేవల పన్ను (జీఎస్టీ) మండలి 2025 సెప్టెంబర్ 3న జరిగిన తన 56వ సమావేశంలో పన్ను శ్లాబులను కుదించాలని నిర్ణయించింది. అదే నెల 22 నుంచి, సరిగ్గా దసరా నవరాత్రులు ప్రారంభమైన రోజు నుంచి, కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. 12, 28 శాతాల శ్లాబుల్లో ఉన్న వస్తువుల్లో అత్యధికం 5 లేదా 18 శాతానికి మారాయి. ధరలు తగ్గుతాయా, తగ్గితే ఆ లాభం వినియోగదారుకు చేరుతుందా అన్న దానిపైనే దేశమంతటా చర్చ సాగింది. నిర్ణయానికీ అమలుకూ మధ్య దొరికిన ఆ 19 రోజుల్లో దుకాణాల వెనక గదుల్లో జరిగిన పనిని గురించి మాట్లాడినవారు తక్కువ.

ఇంటర్నెట్‌లో సరకు అమ్మే ఒక మధ్యతరహా వర్తకుడిని తీసుకుంటే ఆ పని ఎంతటిదో తెలుస్తుంది. అతనికి సొంత వెబ్‌సైట్ ఒకటి ఉంటుంది. రెండు మూడు పెద్ద ఆన్‌లైన్ విపణుల్లోనూ అతని సరకు అమ్మకానికి ఉంటుంది. ఊళ్లోని కౌంటరు మీద బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ వేరు, పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ వేరు, గిడ్డంగిలో నిల్వల లెక్క మరొక చోట. ఒకే చొక్కాకు సంబంధించిన పన్ను రేటు ఈ అయిదారు చోట్లా విడివిడిగా నమోదై ఉంటుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉంటే రేటును ఒక్కచోట మారిస్తే చాలు, మిగిలినవి దానిని అనుసరిస్తాయి. లేకుంటే ప్రతి వస్తువుకూ ప్రతిచోటా మార్చుకుంటూ పోవాలి. ఒక్కచోట మరచినా మర్నాడు వెబ్‌సైట్ ఒక రేటు, బిల్లు మరో రేటు చూపుతాయి.

దుస్తుల విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అంతకు ముందు కుట్టిన దుస్తులకు వెయ్యి రూపాయల వరకు 5 శాతం, ఆపైన 12 శాతం పన్ను ఉండేది. మారిన విధానంలో 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం. అంటే రేటు వస్తువును బట్టే కాక, అది అమ్ముడయ్యే ధరను బట్టి కూడా మారుతుంది. పన్ను కలపక ముందు 2,600 రూపాయలున్న కుర్తాకు 18 శాతం చొప్పున 468 రూపాయల పన్ను పడి, మొత్తం 3,068 అవుతుంది. పండుగ రాయితీగా విక్రేత 10 శాతం తగ్గించాడనుకుంటే ధర 2,340కి దిగుతుంది. దానితోపాటు పన్ను రేటు కూడా 5 శాతానికి దిగి, 117 రూపాయల పన్నుతో మొత్తం 2,457 అవుతుంది. విక్రేత వదులుకున్నది 260 రూపాయలు, కొనుగోలుదారుకు మిగిలేది 611. రాయితీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కూ పన్ను కట్టే సాఫ్ట్‌వేర్‌కూ మాటల్లేకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది. పొరపాటున ఎక్కువ వసూలు చేసిన పన్నును వర్తకుడు తన దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఖజానాకు జమ చేయవలసిందే. తక్కువ వసూలు చేస్తే ఆ లోటు చేతి నుంచి పడుతుంది.

ఆన్‌లైన్ దుకాణం తెరవడం నేడు పెద్ద కష్టమేమీ కాదు. షాపిఫై, వూకామర్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లతో బొమ్మలు, ధరలు ఎక్కించి ఒకటి రెండు రోజుల్లోనే అమ్మకం మొదలుపెట్టవచ్చు. ఆ దుకాణాన్ని వ్యాపారపు మిగిలిన అంగాలతో, అంటే నిల్వలు, పద్దులు, చెల్లింపులు, రవాణా, పన్నులతో ముడివేయడమే అసలు కష్టం. గత పదేళ్ల అనుభవం చూస్తే, ఆ ముడి ఎవరి చేతిలో ఉందో వ్యాపారం పగ్గాలు కూడా క్రమేణా వారి చేతిలోకే పోతున్నాయి.

867 రూపాయల లెక్క

ఇందుకు మూలం దేశంలోని ఆన్‌లైన్ వర్తక విధానంలోనే ఉంది. విదేశీ పెట్టుబడులున్న ఆన్‌లైన్ విపణులు సొంత సరకును నేరుగా వినియోగదారుకు అమ్మరాదన్నది ప్రభుత్వ విధానం. 2018 డిసెంబర్‌లో ఈ నిబంధనలను మరింత బిగించి 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆ ప్రకారం విపణి సంస్థ కేవలం వేదిక, అమ్మేవాడు వేరు. బిల్లు విక్రేత పేరు మీద ఉంటుంది, పన్ను బాధ్యత విక్రేతది, పద్దులు రాసుకోవలసింది విక్రేత. కానీ ఆర్డరు, చెల్లింపు, బట్వాడా, వాపసు వివరాలన్నీ పుట్టేది మాత్రం వేదిక కంప్యూటర్లలో. బాధ్యత ఒకరిది, సమాచారం మరొకరిది.

పర్యవసానం ఎలా ఉంటుందో ఒక చిన్న ఉదాహరణతో తెలుసుకోవచ్చు. వెయ్యి రూపాయల వస్తువుకు 5 శాతం పన్ను కలిపి వినియోగదారు 1,050 చెల్లించాడు. వేదిక తన కమీషన్, ఇతర రుసుములు కలిపి 150 రూపాయలు తీసుకుందని అనుకుందాం. ఆ సేవలపై 18 శాతం జీఎస్టీ కింద మరో 27 పోతుంది. ఆన్‌లైన్ వేదికలు విక్రేతల నుంచి మూలంలో వసూలు చేసే జీఎస్టీ 2018 అక్టోబర్‌లో 1 శాతంగా మొదలై 2024 జూలై 10 నుంచి అర శాతానికి తగ్గింది, దాని కింద 5 రూపాయలు. ఆదాయపు పన్ను కింద 2020 అక్టోబర్ నుంచి 1 శాతం చొప్పున కోత ఉండేది, దానిని 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతానికి తగ్గించారు, అది ఒక రూపాయి. ఇవన్నీ పోగా విక్రేత బ్యాంకు ఖాతాలో జమయ్యేది 867 రూపాయలు. అది కూడా విడిగా రాదు. వారంలో జరిగిన వందల అమ్మకాలు, మధ్యలో వెనక్కి వచ్చిన సరకు, పాత నెలల సర్దుబాట్లు అన్నీ కలగలిసి ఒకే మొత్తంగా వచ్చి పడుతుంది.

అమ్మకం 867 అని పద్దు రాసుకునే చిన్న వర్తకులకు కొదవలేదు. అది పొరపాటు. రాయవలసిన అమ్మకం వెయ్యి రూపాయలు. 150 ఖర్చు, 27 తిరిగి సర్దుబాటు చేసుకోదగిన పన్ను, 5 జీఎస్టీ నగదు ఖాతాలో తనకు రావలసినది, ఒక రూపాయి ఆదాయపు పన్నులో ముందే కట్టినది. ఒక్కో అమ్మకానికి ఇన్ని పద్దులు. మరోవంక వేదిక ప్రతి నెలా ఏ విక్రేత తరఫున ఎంత అమ్మిందీ తన రిటర్నులో ప్రభుత్వానికి తెలియజేస్తుంది. విక్రేత చూపిన లెక్కకూ వేదిక చూపిన లెక్కకూ పొంతన కుదరకపోతే నోటీసు అందుకునేది విక్రేతే. తెలియక 27నూ 5నూ వదులుకునేవారి నష్టం ఏ గణాంకాల్లోనూ కనిపించదు.

ఈ పద్దుల పని ఎలా జరుగుతోంది? చాలాచోట్ల రాత్రి దుకాణం కట్టేసే ముందు గుమాస్తా ఒక్కో వేదిక నుంచి ఎక్సెల్ పట్టికలు దింపుకొని, వాటిని చూసి పద్దుల సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కొడతాడు. చిట్టా చూసి ఆవర్జాలోకి ఎక్కించిన పాతకాలపు పనే ఇది, కాకపోతే కాగితం స్థానంలో తెర వచ్చింది.

మాట కలపని యంత్రాలు

దీనికి విరుగుడుగా సాఫ్ట్‌వేర్ పరిశ్రమ చూపే మార్గం ఏపీఐ. ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ను నిర్ణీత పద్ధతిలో సమాచారం అడగడానికీ, ఇవ్వడానికీ ఉన్న ద్వారం అది. ఆర్డరు రాగానే వెబ్‌సైట్ ఆ ద్వారం గుండా పద్దుల సాఫ్ట్‌వేర్‌కు కబురు పంపుతుంది. అక్కడ బిల్లు తయారవుతుంది, నిల్వ ఒకటి తగ్గుతుంది, కొరియర్ సంస్థకు చిరునామా అందుతుంది. వినడానికి ఇది సులువే.

చిక్కంతా వివరాల్లో ఉంది. వెబ్‌సైట్ పంపిన కబురు చేరిందో లేదో తెలియనప్పుడు అది మళ్లీ పంపుతుంది. అందువల్ల ఒకే ఆర్డరు కబురు రెండుసార్లు చేరే అవకాశం ఉంటుంది. అందుకునే సాఫ్ట్‌వేర్ ఆర్డరు సంఖ్యను చూసి ఇది ముందే వచ్చిందని గుర్తించకపోతే ఒకే అమ్మకానికి రెండు బిల్లులు పుడతాయి. ఒక్కోసారి ఆర్డరు కంటే దాని రద్దు కబురే ముందు చేరుతుంది. లేని ఆర్డరును రద్దు చేయలేక సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది, ఆ తర్వాత వచ్చిన ఆర్డరును మాత్రం శ్రద్ధగా నమోదు చేసుకుంటుంది. ఇటువంటి తప్పులు ఆ రోజు కనిపించవు. నెలాఖరులో, చాలా సందర్భాల్లో సంవత్సరాంతంలో, ఆడిటర్ ముందు బయటపడతాయి.

పేర్ల సంగతి మరొకటి. వెబ్‌సైట్‌లో నీలి చొక్కా 40 కొలత అని ఉన్నది గిడ్డంగిలో ఒక సంకేత సంఖ్య, పెద్ద విపణిలో మరో సంఖ్య, పద్దుల్లో కేవలం చొక్కాలు. మనిషికి ఇవన్నీ ఒకటేనని తెలుసు, యంత్రానికి తెలియదు. అనుసంధానానికి పూనుకున్న సంస్థల్లో అధిక కాలం హరించేది ప్రోగ్రాములు రాయడం కాదు, ఈ పేర్లను ఒక్కటి చేయడమేనని ఆ రంగంలో పనిచేసేవారందరికీ అనుభవమే.

దేశీయ పరిస్థితుల్లో ఇంకో ముడి ఉంది. చిన్న, మధ్యతరహా వ్యాపారాల పద్దుల్లో 1986లో మొదలైన బెంగళూరు సంస్థ టాలీది అగ్రస్థానం. ఆ సాఫ్ట్‌వేర్ చాలా దుకాణాల్లో ఆఫీసు బల్ల మీది కంప్యూటర్‌లోనే నడుస్తుంది. రాత్రి 9 గంటలకు దానిని ఆపి, షట్టర్ దించి యజమాని ఇంటికి పోతాడు. వెబ్‌సైట్‌కు మాత్రం వేళాపాళా లేదు. అర్ధరాత్రి వచ్చిన ఆర్డర్లను అందుకోవలసిన యంత్రం నిద్రపోతుంటుంది. అందుకే ఈ రెండింటి మధ్య కబుర్లను భద్రపరచి, తెల్లవారిన తర్వాత అందించే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ల వ్యాపారం విస్తరించింది.

మధ్యవర్తి అవసరానికి లెక్క కూడా ఒకటుంది. ఆరు సాఫ్ట్‌వేర్‌లను ప్రతిదానినీ ప్రతిదానితో కలపాలంటే 15 తీగలు కావాలి. పది ఉంటే 45. ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ తన పద్ధతి మార్చుకున్నా దానికున్న తీగలన్నీ సరిచేయాలి. అదే నడుమ ఒక కేంద్రం పెట్టి అన్నింటినీ దానికే కలిపితే ఆరుకు ఆరే చాలు. పెద్ద కంపెనీలు ఈ పనిని సొంత సిబ్బందితోనో, హైదరాబాద్, బెంగళూరుల్లోని సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలతోనో చేయించుకుంటాయి. హైదరాబాద్ సంస్థలు విదేశీ ఖాతాదారులకు ఎంతోకాలంగా చేస్తున్న పనుల్లో ఇదీ ఒకటి. పొరుగు వీధిలోని బట్టల దుకాణానికి ఆ స్తోమత ఉండదు. నెలకు ఇంత అని అద్దె కట్టి మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది, లేదా అన్నీ సిద్ధంగా అమర్చిపెట్టిన పెద్ద వేదికను ఆశ్రయిస్తుంది. గిడ్డంగి, రవాణా, చెల్లింపు, ప్రకటనలు అన్నీ అక్కడే దొరుకుతాయి. విక్రేతలు పెద్ద వేదికలను వదలలేకపోవడానికి కొనుగోలుదారుల రద్దీ ఒక్కటే కారణం కాదు, అక్కడ తీగలన్నీ ముందే కలిపి ఉండటం కూడా కారణమే. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లు కొందరు విక్రేతలకే ప్రాధాన్యమిస్తున్నాయన్న వర్తకుల ఫిర్యాదుపై పోటీ వ్యవహారాల సంఘం (సీసీఐ) 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది. ఆ వివాదంలో కమీషన్లు, రాయితీలు ప్రముఖంగా వినిపించాయి గానీ సమాచారం ఎవరి అధీనంలో ఉన్నదన్న ప్రశ్నకు అంత ప్రచారం రాలేదు.

సర్కారు వేసిన తీగ

మార్కెట్ తనంతట తాను చేయని పనిని పన్నుల శాఖ బలవంతాన చేయించింది. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ విధానం 2020 అక్టోబర్ 1న 500 కోట్ల రూపాయలకు మించిన వార్షిక టర్నోవర్ ఉన్న సంస్థలతో మొదలైంది. మూడు నెలలకే పరిమితి 100 కోట్లకు, 2021 ఏప్రిల్‌లో 50 కోట్లకు, 2022 ఏప్రిల్‌లో 20 కోట్లకు, అదే ఏడాది అక్టోబర్‌లో 10 కోట్లకు, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు దిగింది. ఒక వ్యాపారి మరో నమోదిత వ్యాపారికి ఇచ్చే ప్రతి బిల్లూ ముందు ప్రభుత్వం గుర్తించిన పోర్టల్‌కు వెళ్లాలి. అక్కడ దానికి 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, సంతకం చేసిన క్యూఆర్ కోడ్ పడిన తర్వాతే అది చెల్లుబాటవుతుంది. సామాన్య వినియోగదారుకు ఇచ్చే చిల్లర బిల్లులకు ఈ నిబంధన లేదు.

ఇక్కడ ప్రభుత్వం చేసిన ముఖ్యమైన పని పోర్టల్ పెట్టడం కాదు. దేశంలోని పద్దుల సాఫ్ట్‌వేర్‌లన్నీ ఒకే నమూనాలో బిల్లు తయారుచేయక తప్పని పరిస్థితి తేవడం. ఏ గడిలో ఏ వివరం ఉండాలి, తేదీ ఎలా రాయాలి, వస్తువు సంకేత సంఖ్య ఎన్ని అంకెలుండాలి అన్నవన్నీ ఒక్కటయ్యాయి. నమూనా తప్పితే పోర్టల్ తిప్పి పంపుతుంది. చెల్లని బిల్లుపై కొనుగోలుదారుకు పన్ను సర్దుబాటు దక్కదు. అందుచేత కొనుగోలుదారే విక్రేత మీద ఒత్తిడి తెస్తాడు. తనిఖీ అధికారి చేయలేని పనిని ఖాతాదారు చేసిపెట్టాడు. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు, ఆపై టర్నోవర్ ఉన్నవారు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా నమోదు చేయకపోతే పోర్టల్ ఇక స్వీకరించదు. రాత్రిళ్లు గుమాస్తా చేత కొట్టించి నెలాఖరుకు సర్దుకునే వెసులుబాటుకు ఆ మేరకు తలుపులు మూసుకున్నాయి.

కంపెనీల చట్టం మరో పక్క నుంచి బిగించింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత కంపెనీలు వాడే పద్దుల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందన్న జాడ చెరగకుండా ఉండాలి. అనుసంధానం లోపించి తప్పుపడిన బిల్లులను తర్వాత తీరిగ్గా దిద్దుకునే అలవాటు ఉన్న సంస్థలకు ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

పొరుగున పాకిస్థాన్ కూడా ఇదే బాట పట్టింది. పెద్ద చిల్లర దుకాణాల బిల్లింగ్ యంత్రాలు అక్కడి ఫెడరల్ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కంప్యూటర్లతో అనుసంధానం కావాలన్న నిబంధన కొన్నేళ్లుగా ఉంది. 2025 ఆర్థిక చట్టం ఆన్‌లైన్ అమ్మకాలపై పన్నును చెల్లింపు సంస్థలూ, సరకు అందించి నగదు వసూలు చేసే కొరియర్లూ మినహాయించుకునే ఏర్పాటు చేసింది. వర్తకుని పద్దు పుస్తకం కంటే అతని సొమ్ము నడిచే దారిని పట్టుకోవడం తేలిక అన్నది ఉభయ దేశాల పన్నుల అధికారులూ గ్రహించినట్టుంది.

ఖజానా కోణం నుంచి చూస్తే ఈ తీగలన్నీ వర్తకుని నుంచి ప్రభుత్వం వైపు వెళ్లేవే. వర్తకుని దుకాణంలోని సాఫ్ట్‌వేర్‌లను ఒకదానితో ఒకటి కలిపే బాధ్యత ప్రభుత్వానిది కాదు. అయినా ఒక ప్రయోజనం లేకపోలేదు. ఆర్థిక సమాచారాన్ని ఖాతాదారు అనుమతితో పంచుకునే అకౌంట్ అగ్రిగేటర్ విధానంలోకి జీఎస్టీ నెట్‌వర్క్‌ను రిజర్వ్ బ్యాంకు 2022 నవంబర్‌లో అనుమతించింది. తాకట్టు పెట్టడానికి భూమి లేని వర్తకుడు తన అమ్మకాల రిటర్నులు చూపి అప్పు అడిగే అవకాశం దీనివల్ల ఏర్పడింది. 867 అని రాసుకున్నవాడికి మాత్రం అప్పు కూడా ఆ మేరకే పుడుతుంది.

ఒక్క చీర, నాలుగు అంగళ్లు

నిల్వల విషయంలో అనుసంధానం లేమి ఎంత దెబ్బ తీస్తుందో చేనేత వర్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. మిల్లు చొక్కా ఒకటి అయిపోతే అటువంటిదే మరొకటి తీసి పంపవచ్చు. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, వెంకటగిరి చీరల్లో అది కుదరదు. ఒక పడుగు మీద దిగే చీరలు కొన్నే. రంగుల కూర్పు మారిందంటే ఆ చీర అదొక్కటే. దానిని వర్తకుడు షోరూములో వేలాడదీస్తాడు, సొంత వెబ్‌సైట్‌లో బొమ్మ పెడతాడు, రెండు ఆన్‌లైన్ విపణుల్లోనూ పెడతాడు. ఉన్నది ఒక్కటి, కనిపించేది నాలుగు చోట్ల. షోరూములో అది అమ్ముడైన క్షణాన మిగిలిన మూడు చోట్ల నుంచి మాయం కావాలి. గంట ఆలస్యమైతే మరో ఊళ్లో మరొకరు దానికి డబ్బు కట్టి ఉంటారు.

అప్పుడు వర్తకుడికి మిగిలే మార్గం ఆర్డరు రద్దు చేయడమే. రద్దులు పెరిగితే ఆన్‌లైన్ విపణులు ఆ విక్రేత స్థాయిని తగ్గిస్తాయి, అతని సరకు వెతుకులాటలో కిందికి జారుతుంది. కొందరు ఈ భయంతో మంచి చీరలను ఆన్‌లైన్‌లో పెట్టడమే మానుకుంటారు. కొందరు ఆన్‌లైన్ కోసం విడిగా సరకు కట్టి ఉంచుతారు, పెట్టుబడి అంతమేరకు బిగుసుకుపోతుంది. మగ్గం మీద ఉన్నవారికి ఈ సాఫ్ట్‌వేర్‌ల గొడవ తెలియకపోవచ్చు గానీ, వర్తకుడి పెట్టుబడి ఇరుక్కుంటే తర్వాతి ఆర్డరు ఆలస్యమయ్యేది వారికే.

యూపీఐ తీరు వేరు

పెద్ద వేదికల పట్టు సడలించే ఉద్దేశంతో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖలోని పరిశ్రమల ప్రోత్సాహక విభాగం ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్ (ఓఎన్‌డీసీ) ఆలోచనను ముందుకు తెచ్చింది. 2021 డిసెంబర్ 31న లాభాపేక్ష లేని కంపెనీగా అది నమోదైంది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ, బెంగళూరు, భోపాల్, షిల్లాంగ్, కోయంబత్తూరుల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. దీని కీలకం ఒక్కటే: కొనేవాడి యాప్, అమ్మేవాడి యాప్, సరకు చేరవేసేవాడి యాప్ వేర్వేరు సంస్థలవైనా పరవాలేదు. బెకెన్ అనే ఉమ్మడి నియమావళిని పాటిస్తే ఏదైనా ఏదానితోనైనా మాట్లాడగలదు. ఒక బ్యాంకు ఖాతాదారు మరో బ్యాంకు ఖాతాదారుకు యూపీఐలో సొమ్ము పంపినట్టే, ఒక యాప్‌లోని కొనుగోలుదారు మరో యాప్‌లోని విక్రేత వద్ద సరకు కొనవచ్చు.

పోలిక ఆకర్షణీయంగా ఉన్నా పూర్తిగా అతకలేదు. 2016లో మొదలైన యూపీఐ చేరవేసేది రూపాయిని. రూపాయికి రంగు లేదు, కొలత లేదు, నిల్వ అయిపోవడం లేదు, నచ్చలేదని ఎవరూ తిప్పి పంపరు. సరకుకు ఇవన్నీ ఉన్నాయి. యాప్‌లన్నీ ఒక భాష మాట్లాడినా, విక్రేత యాప్ వెనక అతని గిడ్డంగి లెక్క కాగితం మీదే ఉంటే అది నెట్‌వర్క్‌కు చెప్పేది నిన్నటి మాట. వీధి తలుపును ఉమ్మడిగా చేసినంత మాత్రాన లోపలి గదులు కలవవు. తొలినాళ్లలో ఇచ్చిన ప్రోత్సాహకాలు తగ్గిన తర్వాత చిల్లర ఆర్డర్ల జోరు మందగించింది. 2025లో సంస్థ సారథి టి.కోశీ వైదొలిగారు. రవాణా సేవల వైపు, ముఖ్యంగా ఆటో, టాక్సీ యాప్‌ల వైపు ఆ నమూనా కొంత మెరుగ్గా నిలదొక్కుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆటోకు గిడ్డంగి ఉండదు, నిల్వ సంఖ్య ఒకటే.

ఓఎన్‌డీసీని విఫల ప్రయోగమని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. విక్రేత ఒకసారి తన సరకు పట్టికను ఒకచోట క్రమంగా పెట్టుకుంటే అనేక కొనుగోలు యాప్‌లకు అదే పనికివస్తుందన్న సూత్రం సబబైనదే. లోపమల్లా ఆ ఒకచోట పెట్టుకోవడానికి కావలసిన సాయం ఎవరిదన్నది తేలకపోవడం. నమోదైన విక్రేతల సంఖ్య చెప్పుకోవడంలో చూపిన ఉత్సాహం వారి పద్దులు, నిల్వలు యాప్‌తో కలిశాయా లేదా అని చూడటంలో కనబరచి ఉంటే ఫలితం మరోలా ఉండేదేమో.

అనుసంధానం పెరిగిన కొద్దీ ఇంకో బాధ్యత కూడా వర్తకుని తలకు చుట్టుకుంటోంది. వెబ్‌సైట్‌లో కొనుగోలుదారు ఇచ్చిన పేరు, ఫోను నంబరు, చిరునామా ఆర్డరుతోపాటు పద్దుల సాఫ్ట్‌వేర్‌కూ, కొరియర్‌కూ, మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కూ, ప్రకటనల సంస్థకూ చేరుతున్నాయి. వీటిలో ఎవరి నిర్లక్ష్యం వల్ల వివరాలు బయటికి పొక్కినా, 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం మొదట జవాబు చెప్పవలసింది ఆ వివరాలను సేకరించిన దుకాణమే. వేరే సంస్థకు పని అప్పగించామన్న సాకు చెల్లదు. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు తీసుకునేటప్పుడు తమ ఖాతాదారుల వివరాలు ఎక్కడ నిల్వ ఉంటాయి, ఒప్పందం ముగిశాక వాటిని చెరిపేస్తారా, తమ పాత ఆర్డర్ల చరిత్రను ఏ రూపంలో తిరిగి ఇస్తారు అని అడిగే చిన్న వర్తకులు అరుదు. ఇచ్చిన పత్రం మీద సంతకం చేయడమే రివాజు. చట్టానికి సంబంధించిన నిబంధనలను కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. ప్రధాన బాధ్యతల అమలుకు ఇచ్చిన వ్యవధి 18 నెలలు, అంటే 2027 మే వరకు.